సాయీసు పేరు

హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం, దాంతో పంపిన పదకొండు పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆపకుండా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. మలక్‌పేట రేస్ కోర్సు లాయాల్లో ముప్ఫై ఏళ్ళు సాయీసుగా, అంటే గుర్రాల ఆలనాపాలనా చూసే మనిషిగా, పనిచేసిన మీ తాతగారి గురించి రాయాలని నీకు తోచినందుకు చాలా సంతోషం. గుర్రప్పందాలంటే మనవాళ్ళు పందెం కాసి మునిగిపోయినవాళ్ళ గురించే రాస్తారు. గుర్రం ఒళ్ళు తోమిన మనిషి గురించి ఇంత దగ్గరగా రాసింది నేను చదవడం ఇదే మొదలు.

ముందు తప్పులు చెబుతాను. రెండో పేజీలో తాతగారు చూసుకున్న గుర్రాన్ని "అరబ్బీ గుర్రం" అన్నావు. కాదమ్మా, అది థరోబ్రెడ్. ఇంగ్లండులో తయారైన జాతి. బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గోడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు మగ గుర్రాలను తూర్పు దేశాల నుంచి తీసుకెళ్ళి అక్కడి ఆడ గుర్రాలతో జత కట్టించారు. ఇవాళ ప్రపంచంలో ఏ థరోబ్రెడ్‌ను తీసుకుని తండ్రి, తాత, ముత్తాత అంటూ వెనక్కి వెళ్ళినా ఆ మూడింటిలో ఒకదాని దగ్గర తేలుతాం. 1791 నుంచీ ఆ వంశావళిని పుస్తకాల్లోకి ఎక్కిస్తున్నారు. ఒక్క క్షణం ఆలోచించు. గుర్రానికి ఏడు తరాల పేర్లు అచ్చులో దొరుకుతాయి. దాని పక్కన గడ్డి మీద పడుకునే మనిషికి ముత్తాత పేరు చెప్పేవాళ్ళు ఉండరు. నీ వ్యాసానికి మొదలు ఇక్కడుందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఆరో పేజీలో గుర్రం "నోరు తెరిచి రొప్పుతూ" వచ్చిందన్నావు. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కుతోనే పీలుస్తుంది. దౌడు తీసేటప్పుడు ఒక్కో అంగకు ఒక్కో శ్వాస, లెక్కపెట్టినట్టు పడుతుంది. పందెం అయ్యాక దాని ముక్కుపుటాలు ఎంత పెద్దవవుతాయో, లోపల ఎంత ఎర్రగా కనిపిస్తాయో తాతగారిని అడుగు. నీ "రొప్పుతూ" అన్న మాట కంటే ఆయన చెప్పేది వెయ్యి రెట్లు బాగుంటుంది.

ఎనిమిదో పేజీలో చరిత్ర పెట్టావు. మౌలాలీలో జరిగే పందాలను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో మలక్‌పేటకు మార్పించాడన్నది నిజమే. కానీ ఆ వాక్యం తర్వాత నాలుగు పేరాల పాటు తాతగారు మాయమైపోయారు. చిన్నప్పుడు ఆయన ఆ నిజాం మేడ మహబూబ్ మాన్షన్ గోడ పక్కన గోలీలాడుకునేవారని నువ్వే ఇంకోచోట రాశావు. నిజాం కావాలంటే ఆ గోడ దగ్గర నుంచి రప్పించు. మిగతా మూడు పేరాలు కొట్టేసెయ్.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నేను ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

1978 చలికాలం. అప్పుడే ఒక వారపత్రికలో చేరాను. పేరున్న ఒక గుర్రం మీద రెండు పేజీలు రాసుకురమ్మన్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకు చాదర్‌ఘాట్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ మలక్‌పేట చేరాను. లాయంలో ఒక్క బల్బు వెలుగుతోంది. తడిసిన గడ్డి వాసన, గుర్రపు చెమట వాసన. సన్నటి మనిషి ఒకాయన గుర్రం ముందుకాలు మడిచి పట్టుకుని, డెక్కలో ఇరుక్కున్న మట్టిని ఇనుప కొక్కెంతో తీస్తున్నాడు. ఎడమ చేతి చిటికెన వేలు సగమే ఉంది. నేను నేరుగా గుర్రం మొహం దగ్గరికి పోబోతే ఆపాడు. "పహ్లే పాఁవ్ దేఖో బేటా" అన్నాడు. ముందు కాళ్ళు చూడాలట. నా చెయ్యి పట్టుకుని, మోకాలి కింద నరాల వెంట పైనుంచి కిందికి తడిమించాడు. ఎక్కడైనా కాస్త వేడి తగిలిందంటే ఆ పూట పరుగు బంద్. డాక్టరు రాకముందే ఆ వేడిని పట్టేసేది ఆయన చెయ్యి. అయిదొందల కిలోల దాకా బరువుండే జంతువు, గంటకు అరవై కిలోమీటర్లు దాటే వేగం. పరుగులో ఆ బరువంతా ఒక్కోసారి ఒక్క కాలి మీదే పడుతుంది. ఆ కాలేమో మోకాలి కింద దాదాపు గుప్పిట్లో పట్టేంత సన్నం. అది తెలిశాక నాకు పందెం చూడాలంటేనే గుండె దడదడలాడేది.

రెండు గంటలు మాట్లాడాడు. ఏ గుర్రం ప్లాస్టిక్ కవరు ఎగిరితే బెదురుతుందో, ఏది పక్కన మేక కట్టేసి ఉంటే తప్ప దాణా ముట్టదో చెప్పాడు. ట్రాక్ వర్క్ నుంచి, అంటే పొద్దుటి సాధన పరుగు నుంచి, వచ్చిన గుర్రాన్ని ఒళ్ళు చల్లారేదాకా నడిపిస్తూ, నన్నూ పక్కన నడిపించాడు. ఇరానీ చాయ్ తెప్పించి, సాసర్లో పోసి నాకే ముందిచ్చాడు.

వ్యాసం అచ్చయింది. ఓనర్ పేరు, ట్రైనర్ పేరు, జాకీ పేరు, గుర్రం తండ్రి పేరు, తల్లి పేరు, అన్నీ వేశాను. ఆయన్ని మాత్రం "ఒక సాయీసు" అని రాశాను. పేరు అడగలేదు. లాయంలో అందరూ చాచా అంటుంటే నేనూ చాచా అన్నాను. పత్రిక పట్టుకుని మళ్ళీ వెళ్ళేసరికి, గుర్రంతో పాటు ఆయనా బెంగళూరు వెళ్ళిపోయాడన్నారు. ఆ వ్యాసంలో ఇవాళ్టికీ నాకు నచ్చే నాలుగు వాక్యాలూ ఆయన నోటి నుంచి వచ్చినవే.

తర్వాత పాత గుర్రాల గురించి ఎక్కడ ఏది దొరికినా చదవడం మొదలుపెట్టాను. వెతికింది గుర్రం కోసం కాదు, తాడు పట్టుకున్న మనిషి కోసం. 1973లో అమెరికాలో బెల్‌మాంట్ స్టేక్స్ అనే పందాన్ని సెక్రటేరియట్ అనే గుర్రం ముప్ఫై ఒక్క లెంగ్తుల, అంటే ముప్ఫై ఒక్క గుర్రాల పొడవు, తేడాతో, 2 నిమిషాల 24 సెకన్లలో గెలిచింది. ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. ఆ గుర్రాన్ని చూసుకున్నది ఎడ్డీ స్వెట్. కెంటకీలో గుర్రాల పార్కులో ఒక కాంస్య విగ్రహం ఉంది. గుర్రం మీద జాకీ రాన్ టర్కాట్, ముందు కళ్ళెం పట్టుకుని నడుస్తున్న స్వెట్. శిల్పి ఆయన్ని వదిలెయ్యలేదు. మ్యాన్ ఓ వార్ అనే ఇంకో అమెరికా గుర్రం ఇరవై ఒక్క పందాల్లో ఇరవై గెలిచింది. ముసలితనంలో దాన్ని కనిపెట్టుకుని ఉన్న విల్ హార్బట్ 1947 అక్టోబర్‌లో పోయాడు. నెల తిరక్కుండానే నవంబర్ 1న ఆ గుర్రమూ పోయింది.

అన్నిటికంటే ఫార్ లాప్ సంగతి నన్ను ఎక్కువ కదిలిస్తుంది. న్యూజిలాండ్‌లో పుట్టిన గుర్రం. నూట అరవై గినీలకే కొన్నారు. 1930లో ఆస్ట్రేలియాలోని పెద్ద పందెం మెల్‌బోర్న్ కప్ గెలిచింది. 1932లో అమెరికా తీసుకెళితే అక్కడ ఉన్నట్టుండి జబ్బుపడి చనిపోయింది. దాని చర్మం మెల్‌బోర్న్‌లో, అస్థిపంజరం న్యూజిలాండ్‌లో, ఆరు కిలోలు దాటిన గుండె కాన్‌బెర్రాలో ప్రదర్శనకు పెట్టారు. దాన్ని కంటికి రెప్పలా చూసుకున్న టామీ వుడ్‌కాక్ చివరి గంటల్లోనూ పక్కనే ఉన్నాడు. అప్పటికి కుర్రాడు. నలభై అయిదేళ్ళ తర్వాత, 1977లో, అదే మెల్‌బోర్న్ కప్‌లో తాను తయారుచేసిన రెక్‌లెస్ అనే గుర్రాన్ని పరిగెత్తించాడు. రెండో స్థానంలో వచ్చింది. ఆ కబురు చదివిన రోజు నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఇక్కడ మనకు అలా సాయీసుల పేర్లు మిగల్లేదు. 1943లో మొట్టమొదటి ఇండియన్ డెర్బీ గెలిచింది ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అనే ఆడ గుర్రం. బరోడా మహారాజాది. జాకీ ఎడ్గర్ బ్రిట్. స్క్వాండరర్, ఎలూసివ్ పింపర్నెల్ అనే గుర్రాల పేర్లు చెబితే పాత రేసు అభిమానుల కళ్ళు ఇప్పటికీ మెరుస్తాయి. ట్రైనర్ రషీద్ బైరాంజీ గురించి, జాకీగా మొదలై ట్రైనర్ అయిన పెసీ ష్రాఫ్ గురించి గంటల తరబడి చెప్పేవాళ్ళున్నారు. రేసు పుస్తకంలో ఓనర్‌కు, ట్రైనర్‌కు, జాకీకి, జాకీ చొక్కా రంగులకు కూడా చోటుంది. సాయీసుకు లేదు. అందుకే నీ పదకొండు పేజీలు నాకంత ముఖ్యం.

ఇంకొక మాట. పందెం డబ్బు గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. తాతగారి గౌరవం తగ్గుతుందని భయపడ్డావేమో. మా వీధిలో ఒకాయన భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టి జాక్‌పాట్ ఆడాడు. ఆవిడ సాయంత్రం అరుగు మీద కూర్చున్న తీరు నాకింకా గుర్తుంది. ఆ సంగతి దాచిపెట్టి గుర్రాల అందం మాత్రమే రాస్తే చదివేవాళ్ళు నమ్మరు, నమ్మకూడదు కూడా. తాతగారు పందెం కాశారా లేదా, కాస్తే ఎంత పోగొట్టుకున్నారు, అమ్మమ్మ ఏమంది, అడిగి రాయి. పరుగు ఆగిపోయాక గుర్రాలు ఏమవుతాయో కూడా అడుగు. కొన్ని పిల్లల్ని కనే స్టడ్ ఫారాలకు పోతాయి, కొన్ని రైడింగ్ నేర్పే చోట్లకు, కొన్ని చేతులు మారి పెళ్ళి ఊరేగింపుల్లో తేలతాయి. తాను పెంచిన గుర్రం బ్యాండు మేళం ముందు బెదురుతూ నిలబడటం ఆయన ఎప్పుడైనా చూశారేమో.

నీ రాతలో అన్నిటికంటే బాగున్నది తొమ్మిదో పేజీ. అక్టోబర్ 2, దక్కన్ డెర్బీ రోజు. గుర్రాన్ని జాకీకి అప్పజెప్పాక తాతగారు దుప్పటి భుజాన వేసుకుని, తాడు చేతికి చుట్టుకుని, ట్రాక్ వైపు వీపు పెట్టి నిలబడ్డారన్నావు. మైకులో తన గుర్రం పేరు వినిపిస్తున్నా తిరిగి చూడలేదన్నావు. అందులో ఒక్క అక్షరం మార్చకు. ఆయన మనసులో ఏముందో వివరించిన కింది రెండు వాక్యాలు తీసెయ్, చాలు. తాతగారి పూర్తి పేరు నాలుగో పేజీ దాకా రాలేదు. దాన్ని మొదటి వాక్యంలోకి తీసుకురా.

మళ్ళీ రాసి పంపు. తొందరేం లేదు. ఈలోగా నాకొక సాయం చెయ్యి. తాతగారు 1975 నుంచే మలక్‌పేటలో ఉన్నారన్నావు కదా. ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు, చాయ్ తాగేటప్పుడు అడుగు. సన్నగా ఉండేవాడు, ఎడమ చేతి చిటికెన వేలు సగమే ఉండేది, అందరూ చాచా అనేవాళ్ళు, 78 చలికాలం తర్వాత బెంగళూరు వెళ్ళిపోయాడు. ఆయన పేరేమిటో తాతగారికి గుర్తుందేమో కనుక్కుని రాయి.

ఆశీస్సులతో.