అక్కతో కలిసి కర్రీ పాయింట్: ఉద్యోగం మీది, గరిటె ఎవరిది?

ప్రశ్న: అన్నయ్యా, మేం డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాం. నాకు హెచ్-1బీ వర్క్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా అక్క, బావ ఫ్రిస్కోలో ఉంటారు, ఇద్దరికీ గ్రీన్ కార్డ్ ఉంది. అక్క వంటకి వాట్సాప్‌లోనే ఆర్డర్లు వస్తున్నాయి. చెరి సగం పెట్టి కర్రీ పాయింట్ తెరుద్దామంటోంది. నేను ఉద్యోగం మానను, శని, ఆదివారాలు వెళ్లి సాయం చేస్తాను. జీతం తీసుకోను కాబట్టి వీసాకి ఇబ్బంది లేదని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా? ఇంకేం చూసుకోవాలి?

జవాబు: నిజం కాదు. ఈ మాట ఇక్కడ మనవాళ్ల ప్రతి పార్టీలోనూ వినబడుతుంది, విన్నవాళ్లు ఇంకొకరికి చెబుతారు. హెచ్-1బీ మీద మీరు పని చేయగలిగేది మీ కోసం పిటిషన్ వేసిన కంపెనీకి మాత్రమే. వ్యాపారంలో వాటా కొనుక్కోవచ్చు. యాపిల్ షేర్లు కొన్నట్టే అక్క పెట్టే ఎల్‌ఎల్‌సీలోనూ (యజమానుల బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీ) వాటా ఉండొచ్చు, లాభం తీసుకోవచ్చు. కానీ శనివారం పొద్దున వెళ్లి కౌంటర్‌లో నిలబడ్డా, ఫోన్లో ఆర్డర్లు రాసుకున్నా, హోల్‌సేల్ నుంచి బియ్యం బస్తాలు మోసుకొచ్చినా అది పనే. మీరు చేయకపోతే డబ్బిచ్చి ఇంకొకరితో చేయించాల్సిన పని ఏదైనా ఆ లెక్కలోకే వస్తుంది. ఉచితంగా చేశాననడం మిమ్మల్ని కాపాడదు. రేపు గ్రీన్ కార్డ్ చివరి మెట్టు ఐ-485 ఫారంలో, అనుమతి లేకుండా ఎప్పుడైనా పని చేశారా అని అడుగుతారు. కర్రీ పాయింట్ ఫేస్‌బుక్ పేజీలో ఏప్రాన్ కట్టుకుని ఉన్న ఫొటో పెట్టుకుని ఆ ప్రశ్నకి ఏం రాస్తారు?

పెట్టుబడి పెట్టడం, వాటాదారుగా ఓటు వేయడం, నెలకోసారి లెక్కలు చూడటం, పెద్ద నిర్ణయాల్లో మాట చెప్పడం వరకు మామూలుగా యజమాని హోదాలో చేసేవే. అయితే ఇవీ మితంగానే. రోజూ మెనూ, స్టాఫ్, సప్లయర్ల గొడవ మీరే చూస్తుంటే దాన్ని పెట్టుబడి అనరు. ఈ గీత ఎక్కడుందో మీ కాగితాలు చూసి ఇమ్మిగ్రేషన్ లాయర్ చెప్పాలి, నేను కాదు. ఒక గంట ఫీజు ఖర్చు పెట్టండి.

2025 జనవరి 17 నుంచి కొత్త రూల్ వచ్చింది కదా, సొంత కంపెనీ నుంచే హెచ్-1బీ తెచ్చుకోవచ్చట అని ఎవరైనా చెబితే, అదీ సగమే నిజం. సగానికి పైగా వాటా ఉన్నవాళ్లు కూడా తమ కంపెనీ ద్వారా పిటిషన్ వేసుకోవచ్చు, మొదటిసారి పద్దెనిమిది నెలలకే ఇస్తారు. కాకపోతే ఉద్యోగం డిగ్రీ అవసరమైన ప్రత్యేక వృత్తి అయి ఉండాలి. గుత్తి వంకాయ దాని కిందకు రాదు.

మీ ఆవిడ సంగతి మీరు రాయలేదు. ఆవిడ హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద ఉండి, మీకు ఐ-140 (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, తీసుకుని ఎక్కడైనా, సొంత వ్యాపారంలోనైనా పని చేయొచ్చు. 2015 నుంచి ఈ వీలుంది. ఒక్క జాగ్రత్త: 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యూవల్స్‌కి ఇదివరకటిలా ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కార్డు గడువు అయిపోయి కొత్తది చేతికి రాకపోతే ఆ రోజు నుంచి ఆవిడ వంటగదిలోకి వెళ్లకూడదు. ఇంకోటి, ఆవిడ అక్కడ పని చేయాలంటే అది ఆవిడకి ఇష్టమై ఉండాలి. ఆడపడుచు కింద ఉద్యోగం అంటే మాటలు కాదు.

కాబట్టి మీ శని, ఆదివారాల చాకిరీని లెక్కలోంచి తీసేయండి. ఆ రెండు రోజులకి ఒక మనిషి జీతం బడ్జెట్‌లో వేయండి. వేశాక కూడా లాభం కనబడితేనే అది వ్యాపారం.

ఇప్పుడు అసలు సంగతి. నేనూ మా తమ్ముడూ ఇక్కడ ఒక చిన్న షాపు నడుపుతున్నాం, నాకు ఉద్యోగం కూడా ఉంది. చుట్టుపక్కల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పెట్టినవి చాలా చూశాను. వాటిలో వీసా వల్ల చెడినవి తక్కువ. ‘చెరి సగం’ అన్న మాట దగ్గరే ఎక్కువ చెడ్డాయి. మీరు నలభై వేల డాలర్లు, అక్క నలభై వేలు అనుకుందాం. మొదటి రోజు లెక్క సమానమే. ఆరు నెలలు తిరిగేసరికి అక్క పొద్దున ఏడింటికి వెళ్లి రాత్రి పదింటికి ఇంటికి వస్తుంటుంది. మీరు ఎప్పటిలాగే ఆఫీసు స్టాండప్ మీటింగ్‌లో ఉంటారు. లాభం మాత్రం చెరి సగం. అక్క ఏమీ అనదు, తమ్ముడు కదా. బావ అంటాడు, అదీ మీతో కాదు, అక్కతో. మీ వైపు కూడా ఒక బాధ ఉంటుంది: లాభాలు లేని నెలల్లో అద్దె మీ జీతంలోంచే వెళుతుంది, ఆ సంగతి ఎవరూ గుర్తుంచుకోరు.

దీనికి మందు ఒకటే. పనికి ఇచ్చే డబ్బు వేరు, పెట్టుబడికి వచ్చే డబ్బు వేరు అని మొదటి రోజే విడదీయడం. అక్క చేసే పనికి బయటి మనిషిని పెడితే నెలకి ఎంతివ్వాలో కనుక్కోండి. నాలుగు వేలనుకుందాం. అది అక్కకి ముందు వెళ్లాలి, ఆ తర్వాత మిగిలిందే లాభం, దాన్నే వాటాల ప్రకారం పంచుకోవాలి. చేతిలో డబ్బు లేని నెలల్లో ఆ నాలుగు వేలు అక్కకి బాకీగా పుస్తకంలో రాయండి. మీరు అద్దె కోసం అదనంగా వేసిన ప్రతి డాలరూ మీకు బాకీగా రాయండి. కుదిరితే మీ పెట్టుబడిలో కొంత వాటా కిందా, కొంత వడ్డీతో ప్రామిసరీ నోటు మీద అప్పు కిందా పెట్టండి. అప్పిచ్చినవాడు దుకాణంలో పని చేయనక్కర్లేదు, మీ వీసాకీ అదే నయం.

వాటా కూడా 50-50 వద్దంటాను. ఇద్దరికీ మాట పడని రోజు తీర్పు చెప్పేవాళ్లుండరు. రోజూ నడిపేది అక్క కాబట్టి అక్కకి 60 ఇవ్వండి. అప్పు తీసుకోవడం, కొత్త బ్రాంచ్, అమ్మకం లాంటి నాలుగైదు విషయాలకి మాత్రం ఇద్దరి సంతకం ఉండాలని ఆపరేటింగ్ అగ్రిమెంట్‌లో (ఎల్‌ఎల్‌సీ సభ్యుల మధ్య ఒప్పందం) రాయించండి. ఒకరు బయటికి వెళ్లాలనుకుంటే ధర ఎలా కట్టాలి, ఎన్ని నెలల్లో చెల్లించాలి అన్నవి కూడా అందులోనే ఉండాలి. అక్కతో కాగితాలేంటి అని అమ్మ నొచ్చుకుంటుంది. నొచ్చుకోనివ్వండి.

టెక్సాస్ గురించి ఒక ముఖ్యమైన మాట. ఇది కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం. పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తి, వ్యాపారంలో వాటాతో సహా, మామూలుగా భార్యాభర్తలిద్దరిదీ అవుతుంది. అంటే కాగితం మీద మీరూ అక్కా ఇద్దరే అయినా, వెనక బావా, మీ ఆవిడా ఉన్నారు. విడాకులో, మరణమో సంభవిస్తే వాటా గురించి మాట్లాడేది వాళ్లే. అందుకే అగ్రిమెంట్ చివర వాళ్లిద్దరి సమ్మతి సంతకాలు తీసుకుంటారు. సంతకం పెట్టే ముందు వాళ్లు చదవాలి కాబట్టి, రావాల్సిన ప్రశ్నలు అప్పుడే వస్తాయి.

పన్నుల్లో ఒక పోటు ఉంది. ఇద్దరు సభ్యులున్న ఎల్‌ఎల్‌సీ వేరే ఏమీ ఎంచుకోకపోతే పార్ట్‌నర్‌షిప్ కింద పన్ను లెక్క చూపుతుంది: మార్చి 15 కల్లా ఫారం 1065 అనే రిటర్న్ వేయాలి, మీ వాటా లాభం ఎంతో చూపే కే-1 మీకు వస్తుంది. ఆలస్యమైతే నెలకి, ఒక్కో పార్ట్‌నర్‌కి రెండు వందల డాలర్లకు పైగా జరిమానా. అసలు పోటు అది కాదు. వ్యాపారంలో ముప్పై వేలు మిగిలి, ఆ డబ్బంతా వ్యాపారంలోనే ఉండిపోయి, మీ చేతికి ఒక్క డాలరు రాకపోయినా మీ వాటా లాభం మీద పన్ను మీరే కట్టాలి. అందుకని పన్నుకి సరిపడా డబ్బు ప్రతి ఏడాదీ ఇద్దరికీ పంచాలని అగ్రిమెంట్‌లో రాయించండి. మూడు నెలలకోసారి అంచనా వేసి కట్టే క్వార్టర్లీ ఎస్టిమేటెడ్ పన్ను టెన్షన్ వద్దనుకుంటే ఉద్యోగంలో డబ్ల్యూ-4 (జీతంలో పన్ను ఎంత కోయాలో చెప్పే ఫారం) మార్చి కాస్త ఎక్కువ కోయించుకోండి.

లీజు దగ్గర అందరికంటే ఎక్కువ జాగ్రత్త మీకే కావాలి. స్ట్రిప్ మాల్ ఓనర్లు సాధారణంగా ఐదేళ్ల లీజు, దాని మీద పర్సనల్ గ్యారంటీ అడుగుతారు. అద్దె కాక ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్స్, మెయింటెనెన్స్ వేరే. గ్యారంటీకి వాళ్లు వెతికేది నెలనెలా జీతం, మంచి క్రెడిట్ స్కోరు ఉన్న మనిషిని. అంటే మిమ్మల్ని. మీ ఉద్యోగం పోతే ఈ దేశంలో మీకు మామూలుగా దొరికే గడువు 60 రోజులు. అలాంటివాళ్లు ఐదేళ్ల అద్దెకి పూచీ పడటం నాకు నచ్చదు. తప్పదంటే గ్యారంటీని మొదటి ఏడాదికో, కొన్ని నెలల అద్దెకో పరిమితం చేయమని బేరమాడండి. చాలామంది అడగరు, అడిగితే కొందరు ఒప్పుకుంటారు.

అసలు లీజుకి ముందు గంటల లెక్కన దొరికే కమర్షియల్ కిచెన్‌లో కొన్నాళ్లు నడపండి. అక్క ఇప్పుడు ఇంట్లో వండి అమ్ముతోంది కదా, 2025 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో ఇంటి వంటల రూల్స్ సడలాయి, ఏడాదికి లక్షన్నర డాలర్ల దాకా అమ్ముకోవచ్చు. కానీ చికెన్, మటన్, చేపలు ఇంట్లో వండి అమ్మడానికి ఇప్పటికీ వీల్లేదు. మన కర్రీ పాయింట్‌లో జనం అడిగేవి అవే కాబట్టి లైసెన్సున్న కిచెన్ తప్పదు. ఫుడ్ మేనేజర్ సర్టిఫికెట్ అక్క పేరునే తీసుకోండి.

మీ కంపెనీ హ్యాండ్‌బుక్ చదవండి. బయటి వ్యాపారంలో వాటా ఉంటే చెప్పాలని చాలా కంపెనీలు రాస్తాయి. హెచ్‌ఆర్‌కి రెండు వాక్యాల మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. ఆఫీసు లాప్‌టాప్‌లో అక్క మెనూ కూడా తెరవొద్దు.

ఒకవేళ ఎప్పుడైనా కంపెనీని ఎస్-కార్ప్‌గా (పన్నుల కోసం ఎంచుకునే ఒక హోదా) మార్చమని మీ పన్నుల లెక్కలు చూసే సీపీఏ అంటే, వాటాదారులంతా అమెరికాలో పన్నుల లెక్కకి రెసిడెంట్లుగా ఉండాలని గుర్తుంచుకోండి. మీరు ఇండియా వెళ్లిపోయి నాన్‌రెసిడెంట్ అయిన రోజు ఆ హోదా పోతుంది. హైదరాబాద్‌లో ఇంకో తమ్ముడుంటే, అతనికి పది శాతం ఇద్దామన్నా అంతే.

చివరిగా, పెట్టుబడి ఎక్కడిదో మీరు రాయలేదు. ఊళ్లో ప్లాటు అమ్మి నాన్నగారు పంపుతారంటే, ఆయన ఆర్‌బీఐ ఎల్‌ఆర్‌ఎస్ (ఇండియా నుంచి విదేశాలకి డబ్బు పంపే పథకం) కింద ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. ఏడాదిలో మీకు లక్ష డాలర్లు దాటి గిఫ్టుగా వస్తే మీరు ఇక్కడ ఆ వివరాలతో ఫారం 3520 వేయాలి. దాని మీద పన్నుండదు, వేయకపోతే జరిమానా మాత్రం గట్టిగా ఉంటుంది. ఫారాల కంటే ముందు తేలాల్సింది ఇంకొకటి: ఆ డబ్బు మీ ఒక్కరికా, అక్కకీనా? అప్పా, ఆస్తిలో వాటా ముందే ఇచ్చినట్టా? వ్యాపారం మూతపడితే తిరిగివ్వాలా? నాన్నగారు మీతో ఒకటి, అక్కతో ఇంకొకటి అనడానికి అవకాశం ఇవ్వకండి. ఆయనకి ఫోన్ చేసేటప్పుడు అక్కని కూడా లైన్‌లోకి తీసుకుని, ఆయన చెప్పింది అదే రోజు ముగ్గురికీ వాట్సాప్‌లో రాసి పెట్టండి.