హార్మోన్ ఇంజెక్షన్ వేయిస్తున్నా పీఎస్‌ఏ ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర పల్లె. నాన్నకు 69 ఏళ్లు. రెండేళ్ల కిందట ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడింది. అప్పటికే వెన్నెముకకు పాకింది. మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్ వేయిస్తున్నాం. ప్రోస్టేట్ జబ్బు ఎంత ఉందో చూపే రక్తపరీక్ష పీఎస్‌ఏ 140 నుంచి 1కి దిగింది. ఇప్పుడు వరసగా 3, 8, 19 వచ్చింది. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ మాత్రం 20 లోపే ఉంది. క్యాన్సర్ కణాల్లో జీన్స్ పనితీరు మారిందని డాక్టర్ అన్నారు. పనిచేయని ఇంజెక్షన్ మానేయొచ్చా? జీన్స్ అంటున్నారు కాబట్టి నాకూ తమ్ముడికీ వస్తుందా? నాన్నకు కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ 1.9 ఉంది. చెల్లికి పెళ్లయింది, ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదు.
– ఒక పాఠకుడు

జవాబు: ఇంజెక్షన్ మానొద్దు. టెస్టోస్టిరాన్ 50 కంటే తక్కువ ఉంటే ఇంజెక్షన్ పనిచేస్తున్నట్టే లెక్క. మీ నాన్నగారికి 20 లోపే ఉంది. మానేస్తే హార్మోన్ మళ్లీ పెరిగి జబ్బుకు బలమిస్తుంది. మారింది మందు కాదు, కణం.

ప్రోస్టేట్ కణాల్లో ఆండ్రోజెన్ రిసెప్టర్ అనే ప్రొటీన్ ఉంటుంది. హార్మోన్ వచ్చి అతుక్కోగానే అది కణ కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువులను పనిలోకి దించుతుంది. కణం పెరగడానికి కావలసినవి వాటిలో ఉంటాయి. మీరు ల్యాబ్‌లో చూపించుకునే పీఎస్‌ఏను తయారుచేసే జన్యువు కూడా వాటిలో ఒకటే. అందుకే హార్మోన్ ఆగగానే పీఎస్‌ఏ పడిపోయింది. ఇప్పుడు అది పెరుగుతోందంటే, ఒంట్లో హార్మోన్ అంతంతమాత్రంగా ఉన్నా ఆ రిసెప్టర్ మళ్లీ పనిలో పడిందని అర్థం.

ఎలాగంటారా? కుళాయిలో ధార సన్నబడితే వీధిలో బిందెల వరస పెరుగుతుంది చూడండి, ఈ కణాలూ అదే చేస్తాయి. రిసెప్టర్ జన్యువు కాపీలు పెంచుకుని, రిసెప్టర్లను ఎక్కువగా తయారుచేసి, ఉన్న కాస్త హార్మోన్‌నీ ఒడిసిపడతాయి. ఇంజెక్షన్ వృషణాల నుంచి వచ్చే హార్మోన్‌ను ఆపుతుంది కానీ, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ముడిసరుకును ఆపలేదు. కొన్ని కణాలు ఆ ముడిసరుకుతో హార్మోన్‌ను తమలోనే తయారుచేసుకుంటాయి. మరికొన్నింటిలో ఏఆర్-వీ7 అనే కురచ రిసెప్టర్ పుడుతుంది. హార్మోన్ అతుక్కునే భాగమే దానికి ఉండదు, అయినా పనిచేస్తూనే ఉంటుంది.

వృషణాల హార్మోన్‌ను ఆపితే ఈ జబ్బు లొంగుతుందని చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపించారు. ఆ కృషికి 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. జబ్బు తిరగబెట్టాక హార్మోన్‌తో దానికి ఇక సంబంధం లేదని చాలాకాలం అనుకున్నారు. అది నిజం కాదని తేలాకే అబిరాటిరోన్, ఎంజలుటమైడ్ వచ్చాయి. అబిరాటిరోన్ అడ్రినల్ గ్రంథుల్లోనూ, కణంలోనూ హార్మోన్ తయారీని అడ్డుకుంటుంది. ఎంజలుటమైడ్ రిసెప్టర్‌నే పట్టి ఆపుతుంది. మీ నాన్నగారికి ఈ రెండింట్లో ఏది సరిపోతుందో, లేక డోసెటాక్సెల్ కీమో మేలో మీ ఆంకాలజిస్టు తేలుస్తారు. ఏది మొదలుపెట్టినా ఇంజెక్షన్ మాత్రం పక్కన సాగాల్సిందే.

అబిరాటిరోన్ రాస్తే ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఏ మాత్రైనా అంబలి తాగాకే వేసుకోవడం మన పెద్దవాళ్లకు అలవాటు. దీన్ని మాత్రం పరగడుపునే వేసుకోవాలి, ఆ తర్వాత గంట దాకా ఏమీ తినకూడదు. తిండితో వేసుకుంటే మందు రక్తంలోకి మోతాదుకు మించి చేరుతుంది. తోడుగా ఇచ్చే ప్రెడ్నిసొలోన్‌ను మాత్రం తిన్నాకే వేసుకోవాలి. బీపీ, పొటాషియం, లివర్ పరీక్షలు తప్పించొద్దు. ఖర్చు విషయానికొస్తే, ఈ మందు జెనరిక్ రకాలు మన దేశంలోనే తయారవుతున్నాయి. ఎన్టీఆర్ వైద్యసేవలో మీకు ఎంతవరకు వర్తిస్తుందో ఆస్పత్రి కౌంటర్‌లోనే అడగండి. విశాఖ అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆస్పత్రి మీకు అందుబాటులోనే ఉంది.

క్రియాటినిన్ 1.9 అన్నారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతపు మనిషి విషయంలో ఆ అంకెను నేను తేలిగ్గా తీసుకోను. నడుం నొప్పి అనగానే మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనిపెట్టకండి, మిగిలిన కిడ్నీ పనితీరు కూడా దెబ్బతింటుంది. ఎముకల బలానికి వేసే జోలెడ్రోనిక్ యాసిడ్ మోతాదు కిడ్నీ పనితీరును బట్టే నిర్ణయించాలి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి, ఎముకల బలానికే వాడే డెనోసుమాబ్ వేస్తే కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఎక్కడికి వెళ్లినా పాత క్రియాటినిన్ రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి.

ఇక వారసత్వం. పైన చెప్పిన మార్పులన్నీ క్యాన్సర్ కణంలోనే, చికిత్స ఒత్తిడికి పుట్టుకొచ్చినవి. అవి పిల్లలకు రావు. పుట్టుకతో వచ్చే లోపాలు వేరు. బీఆర్‌సీఏ2 లాంటి డీఎన్‌ఏ మరమ్మతు జన్యువుల్లో లోపం ఉందేమో చూడాలి. జబ్బు ఇతర భాగాలకు పాకినవారిలో సుమారు 12 శాతం మందికి ఇలాంటి లోపాలు ఉన్నట్టు 2016లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. కాబట్టి మీ నాన్నగారికి ఈ లోపాలను చూసే రక్తపరీక్ష చేయించమని నేను గట్టిగా చెబుతాను. బీఆర్‌సీఏ లోపం ఉంటే ఓలాపారిబ్ అనే మందు దారి కూడా తెరుచుకుంటుంది. కణాల్లో జన్యువుల పనితీరును కొలిచే డెసిఫర్ లాంటి పరీక్షలు జబ్బు ప్రోస్టేట్ దాటనివారికి ప్రధానంగా ఉద్దేశించినవి. ఈ దశలో మీరు వాటికి డబ్బు పోయొద్దు.

మీరూ తమ్ముడూ 45 ఏళ్లకే పీఎస్‌ఏ చూపించుకోవడం మొదలుపెట్టండి. లోపం బయటపడితే 40కే. మీ చెల్లి గురించి మీరు అడగలేదు కానీ, బీఆర్‌సీఏ లోపం ఆడపిల్లలకూ వస్తుంది. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు దానితో పెరుగుతుంది. ఫలితం వచ్చాక ఆమెకు తప్పకుండా చెప్పండి.

ఈలోగా నాన్నగారికి కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మూత్రం బిగిసినా వెన్నుపాము నొక్కుకుపోతోందని అనుమానించాలి. తెల్లారేదాకా ఆగకుండా ఎమ్మారై ఉన్న పెద్దాస్పత్రికి అప్పటికప్పుడే తీసుకెళ్లండి.