చలికాలంలో స్మాల్‌మౌత్ బాస్‌కి ‘ఫ్లోట్ అండ్ ఫ్లై’ ఎలా కట్టాలి?
అమెరికాలోని టెనెసీలో డిసెంబరు నుంచి స్మాల్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేప ఎర ముట్టడం లేదు, ఫ్లోట్ అండ్ ఫ్లై (బెండు కింద లోతున తేలికపాటి ఎరను వేలాడదీసే పద్ధతి) ఎలా కట్టాలి అని అడిగారు.

నీళ్లు 10 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడ్డాక ఈ చేప ఎర వెంట పెద్దగా పరుగెత్తదు. డేల్ హాలో లాంటి లోతైన జలాశయాల్లో చలికి కొయ్యబారిన షాడ్ చేపపిల్లలు నీళ్ల మధ్యలో వేలాడుతుంటాయి. మన ఎర అచ్చం అలాగే కనిపించాలి.

మూడు రింగుల స్వివెల్ (దారాలు కట్టే, తిరిగే చిన్న లోహపు ముక్క) తీసుకోండి. ఒకదానికి రీలు నుంచి వచ్చే దారం, ఇంకోదానికి చిన్న బెండు, మూడోదానికి 8 నుంచి 12 అడుగుల సన్నని ఫ్లోరోకార్బన్ లీడర్, అంటే ఎరకు కట్టే చివరి దారం (4 నుంచి 6 పౌండ్ల బరువు ఆపేది). చివర 1/16 ఔన్సు వెంట్రుకల జిగ్ (తల దగ్గర బరువున్న గాలం). జిగ్‌కు కట్టిన ముడిని కాస్త అటూ ఇటూ జరిపి, జిగ్ చేపపిల్లలా అడ్డంగా వేలాడేలా చూడండి. చాలామంది ఇక్కడే తప్పుతారు. రాడ్ కనీసం 9 అడుగులుండాలి. పొట్టిదానితో అంత లీడర్ విసిరితే గాలం మీ టోపీకే తగులుతుంది!

విసిరాక బెండు పక్కకి పడుకుంటుంది, జిగ్ దిగాక నిలబడుతుంది. చిన్న అలలుంటే అవే జిగ్‌ను ఆడిస్తాయి. బెండు మునిగితే సరే, నిలబడ్డది మళ్లీ పడుకున్నా లాగండి: చేప జిగ్‌ను పట్టుకుని పైకి వచ్చిందన్నమాట.