మా వాడు గేమ్ బాయ్ ఎమ్యులేటర్ రాస్తున్నాడండి, ఇది దొంగతనం కిందకి వస్తుందా?

పాలకొల్లు దగ్గర నుంచి ఒక తండ్రి అడిగారు: "మాకు చెరువులున్నాయండి. మా అబ్బాయి భీమవరంలో బీటెక్ సీఎస్ఈ రెండో సంవత్సరం. రాత్రి రెండు దాకా ఏదో గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎమ్యులేటర్ అంట, అది రాస్తా కూచుంటాడు. వాళ్ళ లెక్చరర్ గారేమో ఇలాంటి వాటివల్లే ఆ కంపెనీల సేల్స్ పడిపోతున్నాయి, రెజ్యూమెలో పెడితే ఉద్యోగం ఇవ్వరు, కేసులు కూడా అవుతాయి అన్నారంట. మా వాడు చూస్తే పాత గేమ్ బాయ్ సెట్టు ఒకటి కొనిపెట్టమంటున్నాడు. ఒక బ్యాక్‌లాగ్ కూడా ఉందండి. ఈ పని ఆపించెయ్యమంటారా?"

ఆపించొద్దండి. బ్యాక్‌లాగ్ సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు ఆ లెక్చరర్ గారి మాట చూద్దాం, ఎందుకంటే ఆయన అన్నదాంట్లో కొంత నిజముంది, కాకపోతే అది మీ వాడు చేస్తున్న పనికి తగిలే నిజం కాదు.

అసలు వాడు చేస్తున్నదేంటో చెప్తాను. గేమ్ బాయ్ అడ్వాన్స్ అంటే జపాన్ గేమ్ కంపెనీ నింటెండో వాళ్ళు 2001లో దించిన, చేత్తో పట్టుకుని ఆడుకునే మెషిను. లోపల ఏఆర్ఎమ్ 7 ప్రాసెసర్, స్పీడు 16.78 మెగాహెర్ట్జ్, స్క్రీను 240 బై 160 పిక్సెల్స్. ఆ ప్రాసెసర్ ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కి ఏం చేస్తుంది, స్క్రీను మీద ఒక్కో గీత ఏ క్షణంలో గీస్తుంది, బటన్ నొక్కితే లోపల ఏం మారుతుంది, ఇదంతా మీ వాడు కంప్యూటర్లో ప్రోగ్రాంగా మళ్ళీ కడుతున్నాడు, దాన్నే ఎమ్యులేటర్ అంటారు. అందులో గేమ్ ఒక్కటి కూడా ఉండదండి. గేమ్ అనేది వేరే ఫైలు, దాన్ని రోమ్ అంటారు. రైస్ మిల్లు పెట్టడం తప్పు కాదు కదా, మిల్లుకొచ్చిన ధాన్యం ఎవరి కళ్ళంలోంచి ఎత్తుకొచ్చారన్న దగ్గరే గొడవంతా.

ఇంక సేల్స్ సంగతి. ఈ గేమ్ బాయ్ అడ్వాన్స్ మార్కెట్లో అమ్ముడవుతున్న రోజుల్లోనే దానికి విజువల్ బాయ్ అడ్వాన్స్ లాంటి ఎమ్యులేటర్లు నెట్‌లో ఉచితంగా దొరికేవి, మామూలు పీసీలో ఆడేసేవాళ్ళు. అయినా ఆ మెషిన్లు 8 కోట్ల 15 లక్షలు అమ్ముడయ్యాయి. దాని తర్వాతొచ్చిన నింటెండో డీఎస్ అయితే 15 కోట్ల 40 లక్షలు. డీఎస్ టైములో ఆర్4 అని ఒక కార్డు ఉండేది, దాంట్లో డౌన్‌లోడ్ చేసిన గేములు వేసి మెషిన్లో గుచ్చితే ఆడేవి, ప్రపంచమంతా తిరిగిందది. అది ఎమ్యులేటర్ కాదు, ఆ కార్డు వాడాలంటే ముందు డీఎస్ కొనాలి కదా, అంటే మెషిన్ల అమ్మకానికి దానివల్ల దెబ్బేమీ లేదు, దెబ్బంతా గేములు తీసినవాళ్ళకి.

రెండోవైపు చూడండి. సోనీ వాళ్ళు 2011 చివర్లో పీఎస్ వీటా అని దించారు, మంచి మెషిను, కానీ అది షాపుల్లో ఉన్నంత కాలం దాని గేములు సరిగ్గా ఆడించే ఎమ్యులేటర్ ఒక్కటీ లేదు, అయినా పాపం చతికిలపడింది. జనం చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్లు వచ్చేశాయి, దాని మెమరీ కార్డులు మండిపోయే రేటు, పెద్ద గేములు తక్కువ. అదే ఏడాది నింటెండో 3డీఎస్ అనే మెషిన్ని అమెరికాలో 250 డాలర్లకి దించి, కదలకపోయేసరికి ఆరు నెలలు తిరక్కుండానే 170కి తగ్గించుకున్నారు. తగ్గించాక నడిచింది. రేటు, గేములు, ఫోన్లు, మెషిన్ల అమ్మకాన్ని లేపేవీ పడేసేవీ ఇవేనండి. వీటి పక్కన ఎమ్యులేటర్ వల్ల పోయింది ఎంతుంటుందో లెక్కకి దొరకడం కూడా కష్టం.

అలాగని ఎక్కువ అమ్ముడయ్యాయి కాబట్టి నష్టమే లేదు అని మీ వాడు ఇంటర్వ్యూలో అంటే మాత్రం తెలివైనవాడెవడైనా పట్టేసుకుంటాడు. ఎమ్యులేటర్ లేకపోతే ఇంకెన్ని అమ్ముడయ్యేవో ఎవరు చూశారు? పైగా మెషిను అమ్మకం వేరు, గేము అమ్మకం వేరు. వీటాకి ముందు సోనీ దించిన పీఎస్పీ చూడండి, మెషిన్లు ఏడున్నర కోట్లకి పైనే పోయాయి, కానీ సాఫ్ట్‌వేర్ మార్చేసి మెమరీ స్టిక్‌లో కాపీ గేములు వేసుకున్నవాళ్ళు లెక్కలేనంతమంది, మెషిను అమ్మినాయన బానే ఉన్నాడు, గేము తీసినాయన గొల్లుమన్నాడు. మీ లెక్చరర్ గారి మాటలో నిజం ఉన్నది ఇక్కడ. అది కాపీల వల్ల వచ్చిన నష్టం.

మన దగ్గర పరిస్థితి ఇంకొంచెం వేరు. భీమవరం హాస్టల్లో కుర్రాళ్ళు ఫోన్లో పీపీఎస్ఎస్పీపీ అనే ఎమ్యులేటర్ వేసుకుని పీఎస్పీ గేములు ఆడుతుంటారు. సోనీ పీఎస్పీ సరఫరా ఆపేసింది 2014లో. ఇప్పుడు కొందామన్నా కొత్తది లేదు, పాతది కొంటే ఆ డబ్బు సోనీకి పోదు. స్విచ్ అనే ఇంకో మెషిన్ సంగతి తీసుకుంటే నింటెండో దాన్ని మన దేశంలో అధికారికంగా దించనే లేదు, ఎవరో బయట నుంచి తెప్పించి అమ్మితే కొనుక్కోవాలి. అమ్మడానికి రాని కంపెనీకి ఈ ఊళ్ళో సేల్స్ పోయాయంటే ఏం చెప్తాం. అంతమాత్రాన కాపీ చెయ్యడం ఒప్పయిపోదు, నేను ఆ మాట అనట్లేదు, నష్టం లెక్క వేరు, తప్పొప్పుల లెక్క వేరు.

సరే, కేసుల భయం ఎక్కడ నుంచి వచ్చిందో కూడా చెప్తా. స్విచ్‌కి యుజు అని ఒక ఎమ్యులేటర్ ఉండేది. ఇది షాపుల్లో అమ్ముడవుతున్న మెషిన్‌కి రాసింది, తేడా అంతా అక్కడే. 2023 మే 12న నింటెండో వాళ్ళ జెల్డా సిరీస్‌లో కొత్త గేము, టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్, రిలీజయ్యింది. దానికి ముందే అది లీకయ్యి, రిలీజు కాకుండానే పది లక్షలకి పైగా కాపీలు డౌన్‌లోడ్ అయ్యాయని నింటెండో ఆరోపణ. యుజు వాళ్ళేమో నెలనెలా చందాలు తీసుకుంటున్నారు. 2024 ఫిబ్రవరిలో కేసు వేస్తే వారం రోజుల్లో 24 లక్షల డాలర్లకి రాజీ, యుజు మూత, వాళ్ళదే 3డీఎస్ ఎమ్యులేటర్ సిత్రా కూడా మూత. అదే ఏడు అక్టోబర్లో నింటెండో దాన్ని రాసినాయనతో మాట్లాడుకున్నాక ర్యుజిన్క్స్ అనే ఇంకో స్విచ్ ఎమ్యులేటర్ కూడా ఆగిపోయింది. ఇంత జరిగిన ఆ జెల్డా గేము ఎంత అమ్ముడయ్యిందనుకుంటున్నారు, మొదటి మూడు రోజుల్లో కోటి కాపీలు దాటింది! అలాగని నింటెండో కోపం ఉత్తిదే అనను, ఇంకా రిలీజే కాని సరుకు ముందే బయట తిరిగితే ఎవరికైనా మండుద్ది.

మీ వాడి మెషిన్ అమ్మకం ఎప్పుడో ఆగిపోయింది. దాంట్లో గుచ్చే గేము కార్ట్రిడ్జుల్లో స్విచ్ గేములకున్నట్టు కాపీని ఆపే ఎన్‌క్రిప్షన్ తాళాలు లేవు, యుజు కేసులో అసలు వాదన ఆ తాళాల చుట్టూనే నడిచింది. చందాలూ తీసుకోట్లేదు. అయితే ఒక్క జాగ్రత్త, "పాత గేములే కదా, ఎవరికి నష్టం" అనే మాట మటుకు వాణ్ణి అననివ్వకండి. నింటెండో 2023 నుంచి తన ఆన్‌లైన్ చందాలో గేమ్ బాయ్, గేమ్ బాయ్ అడ్వాన్స్ గేములు ఇస్తోంది, అవి స్విచ్ మీద నడిచేది కూడా ఎమ్యులేషన్ తోనే. అంటే పాత గేముల మీద ఇప్పటికీ డబ్బు వస్తోంది, వాటి కాపీ కూడా కాపీయే.

చట్టం గురించి నేను లాయర్ని కాదు, తెలిసినంత చెప్తా. సోనీ మెషిన్ ప్లేస్టేషన్‌కి ఎమ్యులేటర్ చేసిన కనెక్టిక్స్ అనే కంపెనీ మీద సోనీ వేసిన కేసులో 2000లో అమెరికా అప్పీల్ కోర్టు కనెక్టిక్స్ వైపే చెప్పింది, మెషిన్ ఎలా పనిచేస్తుందో విప్పి తెలుసుకుని సొంతంగా రాసుకోవడం తప్పు కాదని. ఓడిన సోనీ తర్వాత ఏడాది ఆ ప్రోగ్రాంనే కొనేసి అమ్మకం ఆపేసింది, అది వేరే ముచ్చట. మన కాపీరైట్ చట్టం 1957లో 52వ సెక్షన్ కూడా, న్యాయంగా తన దగ్గరున్న ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో పరిశీలించి నేర్చుకోడానికి చోటిస్తుంది. 2012లో చేర్చిన 65ఏ మాత్రం కాపీ కొట్టే ఉద్దేశంతో తాళాలు పగలగొడితే రెండేళ్ళ దాకా జైలు అంటుంది. కాబట్టి స్విచ్ జోలికి పోవద్దని చెప్పండి, కనీసం చదువయ్యేదాకా.

ఇప్పుడు రెజ్యూమె. పెట్టమనండి, పైనే పెట్టమనండి. గేమ్ ప్రాజెక్ట్ అని రాస్తే హెచ్ఆర్ వాళ్ళు ఆటలు ఆడే కుర్రాడు అనుకుని పక్కన పెడతారు, "సీ ప్లస్ ప్లస్‌లో ఏఆర్ఎమ్ 7 ప్రాసెసర్ ఎమ్యులేషన్, మెమరీ మ్యాప్, ఇంటరప్టులు, డీఎంఏ, టైమర్లు" అని రాయాలి. కోడ్ అందరికీ చూపించే గిట్‌హబ్ సైట్‌లో రోమ్ ఒక్కటి కూడా ఉండకూడదు. మెషిన్ ఆన్ చెయ్యగానే నడిచే 16 కేబీ బయోస్ ఫైలు కూడా నింటెండోదే, చాలామంది తెలీక అప్‌లోడ్ చేసేస్తారు, అదీ ఉండకూడదు, బయోస్ చేసే పని సొంతంగా రాసుకుంటే ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి ఇంకో విషయం దొరుకుద్ది. స్క్రీన్‌షాట్లు పేరున్న గేములవి వద్దు, ఔత్సాహికులు సొంతంగా రాసి ఉచితంగా పంచుకునే గేములుంటాయి, ఎమ్యులేటర్ సరిగ్గా నడుస్తుందో లేదో చూసే టెస్ట్ రోములుంటాయి, అవి పెట్టాలి. ఏ టెస్టులు పాసయ్యాయో ఏవి ఫెయిలయ్యాయో నిజాయితీగా ఒక పట్టిక పెట్టమనండి, ఫెయిలైన వాటి గురించే ఇంటర్వ్యూలో ఎక్కువ అడుగుతారు, అక్కడే తెలిసిపోద్ది వీడు రాశాడా ఎక్కడినుంచైనా దించాడా అని.

ఎవరు తీసుకుంటారు అంటే, హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్‌విడియా, ఇంటెల్ ఆఫీసులున్నాయి. చిప్ తయారయ్యి చేతికి రాకముందే దాన్ని సాఫ్ట్‌వేర్‌లో నడిపించి చూసే పని ఉంటుంది ఇలాంటి కంపెనీల్లో, మీ వాడు రాత్రుళ్ళు చేస్తున్నదానికి పెద్దన్న లాంటి పని అది. యాపిల్ 2020లో ప్రాసెసర్ మార్చినప్పుడు పాత ప్రోగ్రాములు ఆగకుండా నడిచింది రొసెట్టా 2 అనే దానివల్ల, అదీ ఈ కుటుంబమే. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవాళ్ళందరూ వాడే ఎమ్యులేటర్ కూడా క్యూఈఎంయూ అనే ఇంకో ఎమ్యులేటర్ మీద కట్టిందే. డ్రైవర్లు, ఫర్మ్‌వేర్, కంపైలర్లు, ఇటువైపు వెళ్ళాలంటే రెండో ఏడులోనే ఇది రాస్తున్న కుర్రాడు చాలా ముందున్నట్టు. గేములు డిజైన్ చేసే ఉద్యోగానికి ఇది అంతగా పనికిరాదు, ఆ ఆశ ఉంటే వేరే దారి. ఒక్కసారే వందలమందిని తీసుకునే సర్వీస్ కంపెనీల్లో ఇది అడిగేవాడే ఉండకపోవచ్చు, అక్కడ ఆప్టిట్యూడ్, మామూలు కోడింగ్ టెస్టు, అంతే.

బ్యాక్‌లాగ్ దగ్గర మాత్రం నేను మీ వైపేనండి. యాక్టివ్ బ్యాక్‌లాగ్ ఉంటే చాలా కంపెనీలు క్యాంపస్ డ్రైవ్‌లో కూర్చోనివ్వవు, అప్పుడు ఎమ్యులేటర్ చూపించడానికి మనిషే ఎదురుగా ఉండడు. సప్లీ రాసేదాకా ఎమ్యులేటర్ శని ఆదివారాలే అని ఒప్పందం చేసుకోండి. రెండింటి దాకా మేలుకుంటే పొద్దున్న మొదటి క్లాసు పోతుంది, కాకినాడ జేఎన్‌టీయూలో 75 శాతం అటెండెన్స్ లేకపోతే కండొనేషన్, అంటే తగ్గిన అటెండెన్స్ మాఫీ, దాని గొడవలు. ల్యాప్‌టాప్ లాగేసుకోడం లాంటివి చెయ్యకండి, వాడు ఫ్రెండ్ గదిలో కూచుని రాస్తాడు, మీకు తెలీకుండా. ఆ లెక్చరర్ గారితో వాదన పెట్టుకోవద్దని కూడా చెప్పండి, రేపు ఇదే ప్రాజెక్ట్ రివ్యూకి ఆయనే కూచోవచ్చు, ఏఆర్ఎమ్ భాగం చూపించి సలహా అడిగితే మెత్తబడతారు.

పాత సెట్టు కొనివ్వండి. ఎమ్యులేటర్ రాసేవాడికి అసలు మెషిన్ పక్కనుండాలి, తన ప్రోగ్రాం చూపించిందీ అది చూపించిందీ ఒకటేనా అని పోల్చుకోడానికి. మొదటి మోడల్‌కి స్క్రీన్ లైటు లేదు, ఎస్పీ అనే మడత మోడల్ తీసుకోమనండి, లైటూ ఛార్జింగ్ బ్యాటరీ రెండూ ఉంటాయి. కొనేముందు బ్యాటరీ ఉబ్బిందేమో, లింక్ కేబుల్ పెట్టే రంధ్రం బాగుందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే 256 కేబీ లోపు ప్రోగ్రాం అయితే కార్ట్రిడ్జ్ లేకుండా ఆ కేబుల్ ద్వారానే మెషిన్‌లోకి ఎక్కించొచ్చు, తన టెస్టులు దాని మీదే నడుపుకుంటాడు. సప్లీ రిజల్ట్స్ వచ్చాక కొంటానని చెప్పండి.