భూదేవంత ఓర్పు కొట్టెయ్

చిరంజీవి మేనకోడలికి,

నీ అనువాదాలు అందాయి. రాత్రి కూర్చుని అన్నీ చదివాను. ఇరాన్ కవయిత్రి ఫొరూగ్ ఫర్రోఖ్‌జాద్ కవితల్లో స్త్రీకీ నేలకూ ఉన్న బంధం గురించి ముందుమాట రాస్తూ, మొదటి పేజీలోనే ‘భూదేవంత ఓర్పు’ అన్నావు. ముందు అది కొట్టెయ్. ఒకప్పుడు నేనూ అదే రాశాను. నాగేటి చాలులో దొరికిన సీత కథ వింటూ పెరిగినవాళ్లం కదా, ఆడదీ మట్టీ ఒకచోట కనబడితే చాలు, చేతులు జోడించేస్తాం. ఫొరూగ్ కవితల్లో మట్టి అంటే దేవత కాదు. ఇంటి ఆవరణలో జానెడు పూలమడి. ఫారసీలో దాన్ని ‘బాగ్చె’ అంటారు. మన బగీచా అక్కడి నుంచి వచ్చిందే, కానీ మన చెవికి పెద్ద తోటలా వినిపిస్తుంది. అందుకే ‘తోట’ అని రాయకు.

1964లో వచ్చిన ‘మరో జన్మ’ కవితలో ఆమె తన చేతుల్ని ఆ మడిలో నాటుతుంది. పచ్చగా మొలుస్తానని తెలుసు, తెలుసు, తెలుసు అంటుంది. సిరా అంటిన చేతివేళ్ల సందున వానకోయిలలు గుడ్లు పెడతాయంటుంది. నాటేదీ ఆమే, మొలిచేదీ ఆమే. ఆ వేళ్లను నువ్వు ‘మట్టి వేళ్లు’ చేశావు. సిరా పోతే ఇంకేముంది? అవి రాసే చేతులమ్మా!

పూలమడి చచ్చిపోతోందని బాధపడే కవిత ఇంకా జాగ్రత్తగా చెయ్యాలి. మూలంలో ‘మడి కోసం నా గుండె కాలుతోంది’ అని ఉంటుంది. ఉన్నదున్నట్టు దించితే తెలుగులో కోపంలా వినిపిస్తుంది. ‘కడుపు తరుక్కుపోతోంది’ అను. ఆ ఇంట్లో తండ్రి పుస్తకాల్లో, తల్లి ప్రార్థనల్లో మునిగి ఉంటారు. తమ్ముడికి ఆ మడి శ్మశానం. పెళ్లయిన అక్క వచ్చినప్పుడల్లా, మడి పేదరికం తన గౌను అంచుకు అంటిందని అత్తరు నీళ్లతో స్నానం చేస్తుంది. ఆ అక్కా ఆడదే కదా! ఆడదంటే భూదేవంత ఓర్పు అన్న నీ ముందుమాటలోని సిద్ధాంతం ఇక్కడ నిలుస్తుందేమో నువ్వే చూసుకో.

వ్యాకరణం కూడా నిన్ను మోసం చేస్తుంది. ఫారసీలో ఆడామగా ఇద్దరికీ ఒకటే సర్వనామం, ‘ఊ’. మనకేమో ఆమె ఎండిపోయింది, నేల ఎండిపోయింది, రెండింటికీ క్రియ ఒక్కటే. అందువల్ల ఆవిడ కలపని చోట కూడా తెలుగు తనంతట తానే స్త్రీనీ నేలనూ కలిపేస్తుంది. అనుమానం వస్తే కర్తను వదలకుండా రాయి.

‘శీతకాలం మొదలైందని నమ్ముదాం’ అన్న కవితలో, ఎడతెగని మంచు కింద పూడుకుపోయిన రెండు పడుచు చేతులు వస్తాయి. 1967 ఫిబ్రవరిలో ఆవిడ కారు ప్రమాదంలో పోయింది కాబట్టి అది జోస్యమని చాలామంది అంటారు. ఆ గోల మనకొద్దు. మడిలో నాటినప్పుడు ‘చేతులు’ అన్నావు, మంచు కిందికి వచ్చేసరికి ‘కరములు’ అయ్యాయేం? అవే చేతులు. అదే మాట ఉంచు.

నీ అత్తయ్య