బుష్‌కి గ్రీజు పూసినారు, రబ్బరు ఉబ్బిపోయింది

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. పాత కారు, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ముందర కీచుమంటా ఉంటే షెడ్డులో చూపించినా. స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) బుష్, అంటే దాన్ని పట్టుకొనే రబ్బరు ముక్క, ఎండిపోయిందని మామూలు చాసిస్ గ్రీజు దట్టంగా పూసి పంపించినారు. కొన్నాళ్లు బాగుండింది, ఇప్పుడు మళ్లీ అదే శబ్దం, చూస్తే రబ్బరు ఉబ్బి జిగటగా అయిపోయింది. ఏం పూయాల? డోర్ బీడింగ్‌కి (తలుపు అంచు రబ్బరుకి) కొబ్బరినూనె పూయొచ్చా?

జవాబు: తమ్ముడూ, ఆ బుష్ ఇంక పనికిరాదు, రెండు పక్కలా కొత్తవి వేయించు. చాసిస్ గ్రీజు చాలావరకు పెట్రోలియం నూనెతో చేసిందే. బుష్‌లు ఎక్కువగా సహజ రబ్బరుతో చేస్తారు, దానికీ ఈ నూనెకీ రసాయన గుణం దగ్గరది కాబట్టి నూనె లోపలికి ఇంకిపోతుంది, రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, తర్వాత చినుగుతుంది. ఇంజన్ ఆయిల్ సీళ్లు మాత్రం నైట్రైల్ లాంటి వేరే రబ్బరు, అవి ఏళ్ల తరబడి నూనెలోనే ఉన్నా తట్టుకుంటాయి. అందుకే ఏ గ్రీజు మంచిదని అడిగే ముందు అది ఏ రబ్బరు అని అడగాల, మన షెడ్లలో ఈ మాట ఎవరూ అడగరు, నాకు బాధ అదే.

బార్ బుష్‌కి సిలికాన్ గ్రీజు పల్చగా పూస్తే చాలు. సహజ రబ్బరుకీ, ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుకీ, నైట్రైల్‌కీ దాంతో ఇబ్బంది లేదు, సిలికాన్ రబ్బరుతో చేసిన పైపులకి మాత్రం వద్దు, అవి ఉబ్బుతాయి. ఎర్రగా ఉండే రబ్బర్ గ్రీజు దొరికినా తీసుకో, దాన్ని మొక్కల నూనెతో చేస్తారు. మొదట్లో బ్రేక్ ఆయిల్ కూడా ఆముదంలో ఆల్కహాల్ కలిపి చేసినదే, సహజ రబ్బరు ఆముదానికి పాడవదు కాబట్టి. అట్లని మన చేన్లో పండిన ఆముదం తెచ్చి నేరుగా పూయొద్దు, పోను పోను బంకగా గట్టిపడుతుంది.

ఇంకోటి, కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని కారు చట్రానికి కలిపే చేయి) బుష్‌లు ఇట్లాంటివి కావు. వాటిల్లో చాలావరకు రబ్బరు ఇనుప గొట్టానికి అతికి ఉంటుంది, జారదు, మెలి తిరుగుతుంది అంతే, కాబట్టి ఏం పూసినా లాభం లేదు, అది కూసిందంటే పగిలిందేమో చూసి మార్చాల్సిందే. కొత్త బుష్ ఎక్కించేటప్పుడు బిగుతుగా ఉంటే సబ్బు నీళ్లు చాలు, డీజిలూ కిరసనాయిలూ ముట్టించొద్దు. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా బుష్ మీద కొట్టొద్దు, వాటిల్లో చాలావరకు పెట్రోలియం నూనె ఉంటుంది.

బీడింగ్‌కి కొబ్బరినూనె వద్దు, మన ఎర్రగుంట్ల రోడ్డు సిమెంటు దుమ్మంతా దానికే అంటుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చి, సిలికాన్ స్ప్రే గుడ్డ మీద కొట్టుకొని రుద్దు. ఎండాకాలం ముందర ఒకసారి చేస్తే రబ్బరు తలుపుకి అంటుకుపోకుండా ఉంటుంది.

ప్రశ్న: సార్, అనంతపురం నుంచి. బైక్ డిస్క్ బ్రేక్ కాలిపర్ (డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం) జారే పిన్నులు బిగుసుకుపోయినాయి, రెండు చుక్కలు ఇంజనాయిల్ వేస్తే సరిపోతుందా?

జవాబు: వేయొద్దమ్మా, ఇది ప్రాణంతో పని. బ్రేకుల్లో రబ్బర్లు ఎక్కువగా ఈపీడీఎంవి, ఇంజనాయిల్ తగిలితే ఉబ్బిపోతాయి. పిన్నులు తీసి శుభ్రంగా తుడిచి, బ్రేకులకని రాసి ఉన్న సిలికాన్ గ్రీజు పల్చగా పూయించు, డిస్కుకీ ప్యాడ్‌కీ ఒక్క చుక్క కూడా తగలనీయొద్దు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఎవరైనా పొరపాటున ఇంజనాయిల్ పోసి ఉంటే మాత్రం కడిగితే సరిపోదు, ఆ లైన్లో రబ్బర్లన్నీ మార్చి, మూత మీద బ్రేక్ ఆయిల్ రకం డాట్ 3 అని ఉందా డాట్ 4 అని ఉందా చూసి అదే పోయించాల, అప్పటిదాకా బండి తీయొద్దు.