పెద్ద సాకెట్ బిగిస్తే సరిపోతుందా?

ప్రశ్న: భీమవరంలో పాత ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి కొన్నాం. దాని ప్లగ్గు లావుది, వంటింట్లో ఉన్నది చిన్న సాకెట్. కన్వర్టర్ పెట్టి నెల నుంచి వాడుతుంటే సాకెట్ నల్లబడింది. పెద్ద సాకెట్ బిగిస్తే చాలని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. ఓనరుగారు గోడ పగలగొట్టనివ్వరు. విడిగా లైను లాగించుకోవచ్చా? ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే స్మార్ట్ ప్లగ్గు పెట్టుకోవచ్చా?

జవాబు: లాగించుకోవచ్చు, లాగించుకోవాలి కూడా. ఊరు పేరు మారుతోందే గానీ ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. 2000 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు. మీ సాకెట్ 6 ఆంపియర్లది. ప్లగ్గు లావుగా చేసిందే చిన్న సాకెట్‌లో దూరకూడదని. ఆ అడ్డు తీసేయడానికే కన్వర్టర్లు అమ్ముతున్నారు. వాటిని అసలు అమ్మనివ్వకూడదు.

ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడి లైను తెంచే స్విచ్) ఎందుకు పడలేదంటారా? 16 ఆంపియర్ల ఎంసీబీకి 8.7 ఎక్కువేం కాదు. సాకెట్ లోపలి రేకు కాలుతోందని దానికి తెలిసే దారి లేదు. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి రాగి తీగల కొనలు చిలుమెక్కి ఆకుపచ్చగా మారతాయి. పట్టు వదులై, అక్కడే వేడి పుడుతుంది. సాకెట్ ఒక్కటే మారిస్తే గోడలో సన్న వైరు అలాగే ఉంటుంది.

మెయిన్ బోర్డు నుంచి పొయ్యి దాకా 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైర్లు ఫేజుకి, న్యూట్రల్‌కి, ఎర్త్‌కి వేయించండి. దానికి విడిగా 16 ఆంపియర్ల ఎంసీబీ, చివర 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. గోడమీద పీవీసీ కేసింగ్ పట్టీలో లాగితే పగలగొట్టే పని ఉండదు. ఖర్చు ఎవరిదో ఓనరుగారితో ముందే కాగితం మీద రాసుకోండి. మీటరుకు మంజూరైన లోడు చాలకపోతే పెంచమని ఆయన్నే దరఖాస్తు పెట్టమనండి.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఎర్త్, అంటే లీకైన కరెంటును నేలలోకి పంపే తీగ. తణుకులో మేం అద్దెకున్న ఇంట్లో ఒకసారి వంటింటి బోర్డు విప్పించాను. ఎర్త్ వైరే లేదు. న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకి బెత్తెడు ఎర్ర తీగ ముక్క కలిపి ఉంది. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య టెస్ట్ బల్బు పెడితే చక్కగా వెలుగుతుంది, అంతా బాగుందనుకుంటాం. గాలివానకి స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడిందో, ఆ ముక్క గుండా 230 వోల్టులు నేరుగా పొయ్యి ఇనుప ఒంటికి వస్తాయి. తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడి వండేవాళ్ల సంగతి ఆలోచించండి. బల్బు వెలుగును నమ్మకుండా బోర్డు విప్పించి మీ కళ్లతో చూడండి. మన డెల్టాలో కాస్త తవ్వితే చెమ్మే. ఎర్త్‌కి ఇంతకన్నా అనువైన నేల ఎక్కడుంది? అయినా వేయించరు. దాంతోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్) పెట్టించి, దాని టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూడండి.

స్మార్ట్ ప్లగ్గు పొయ్యికి వద్దు. 10 ఆంపియర్లవాటిని కూడా ఏ పరికరానికైనా పనికొస్తాయన్నట్టు అమ్ముతున్నారు. కొన్ని కరెంటు పోయి వచ్చాక వాటంతటవే మళ్లీ ఆన్ అవుతాయి. ఇండక్షన్ కాక కాయిల్ పొయ్యి అయితే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు అలా వెలిగితే? పైగా ఒక ప్లగ్గు తిప్పడానికి కొన్ని యాప్‌లు మీ లొకేషన్ కూడా అడుగుతాయి. పాస్‌వర్డ్ తెలిసినవాడు ఎక్కడినుంచైనా మీ ప్లగ్గు ఆన్ చేయగలడు. వంట దగ్గర మనిషి ఉండాలి, స్విచ్ చేతికి అందాలి.

కొత్త లైను వచ్చేదాకా పొయ్యి పక్కన పెట్టండి. నల్లబడిన సాకెట్‌లో సెల్ చార్జర్ కూడా పెట్టొద్దు.